రేకు మీద ఎడమ చెయ్యి

వెర్నా చేతులు చూసిన కొత్తవాళ్ళు ఆమెది బళ్ళ రిపేరు పనేమో అనుకుంటారు. అది వెండి మందు. చర్మానికి అంటి వెలుతురు తగిలితే చాలు, నల్లగా పట్టేస్తుంది. ఆ చర్మం రాలి కొత్తది వచ్చేదాకా ఎంత తోమినా పోదు. వెర్నాకి కొత్తది వచ్చేలోపే మళ్ళీ అంటుకునేది. అలా ముప్పై తొమ్మిదేళ్ళు గడిచాయి. ఇప్పుడామెకు అరవై ఏడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, మందు వాసనకు దగ్గు వస్తోంది. అయినా పొద్దున్నే వచ్చి స్టూడియోలో పొయ్యి వెలిగిస్తుంది. వేరే ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలియదు.

ఆ స్టూడియో ఒకప్పుడు లాండ్రీ. గ్రానైట్ ఫోర్క్‌లో రాగి గనులు నడిచిన రోజుల్లో గనివాళ్ళ బట్టలన్నీ అక్కడే ఉతికేవారు. గనులు మూతబడ్డాక ఉతకడానికి బట్టలు లేవు, పెద్ద పెద్ద తొట్లు మాత్రం మిగిలాయి. ఆ తొట్లను చూసే హాలిస్ ట్రెగేర్ ఆ ఇల్లు తీసుకున్నాడు. అతను ఫోటోలు తీసే మనిషి. అయితే పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ అతని దగ్గరికి రావు. రోడ్డు మీద లారీ గుద్దిన లేడి, పుట్టి గంటసేపు బతికిన రెండు తలల దూడ, కాలిన ముఖం, కోసి కుట్టిన ఛాతీ, ఇవీ అతనికి కావలసినవి. వాటిని తెల్లటి గుడ్డ మీద పెట్టి, చుట్టూ పళ్ళూ ఎండుపూలూ అమర్చి, రాణిగారిని కూర్చోబెట్టినంత మర్యాదగా ఫోటో తీస్తాడు. చూసినవాళ్ళు మొదట ముఖం తిప్పుకుంటారు. తర్వాత మళ్ళీ చూస్తారు. ఆ రెండోసారి చూడటం కోసమే తను బతికానంటాడు హాలిస్.

ఇప్పుడతనికి ఎనభై ఒకటి. రెండు కళ్ళలోనూ చూపు మధ్యలో మసక మచ్చ పడింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించదు, చెవులు మాత్రం కనిపిస్తాయి. సముద్రం పక్కనున్న పెద్ద నగరంలో ఒక మ్యూజియంవాళ్ళు అతని ఫోటోలు ముప్పై తీసుకెళ్ళి వేలాడదీస్తామన్నారు. ఇదే ఆఖరిదని అందరికీ తెలుసు. ఆ మాట పేపర్లో పడగానే ఆ మ్యూజియం మెట్ల మీద కొందరు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. శవాలతో ఆటలా అని అట్టల మీద రాశారు. మ్యూజియంవాళ్ళు ఒక కాగితం పంపారు. ఫోటోల్లోని మృతుల బంధువులెవరూ ఏ అభ్యంతరమూ చెప్పలేదని అందులో ఉంది. హాలిస్ బుధవారం సంతకం పెట్టాడు. కాగితం మీద ఎక్కడ పెట్టాలో వెర్నాయే అతని వేలు పట్టుకుని చూపించింది.

గురువారం పొద్దున ఆమె చెక్కపెట్టెలో గళ్ళకి ఫ్లానెల్ గుడ్డ అంటిస్తుండగా ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే ఒక పెద్దావిడ. పొట్టి మనిషి, పొడుగాటి నల్లకోటు, చంకలో మడిచిన పేపరు.

"ట్రెగేర్‌గారిల్లు ఇదేనా అండీ?"

"ఇదే. తిట్టడానికొచ్చారా, మెచ్చుకోడానికొచ్చారా?"

"రెండిటికీ వేరువేరు తలుపులున్నాయా?"

"లేవు. ఎవరొచ్చినా ఇందులోంచే."

"అయితే పక్కకి తప్పుకోమ్మా. కొండ దాటి వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి."

ఆమె పేరు మిలేవా రాడోనిచ్. డెబ్బై ఒక్క ఏళ్ళు. కొండకి అవతల అరవై మైళ్ళ దూరంలో, ఒకప్పుడు రాగి కరిగించిన ఊళ్ళో ఉంటోంది. వాళ్ళ తాత సెర్బియా నుంచి ఆ కొలిమి పనికే వచ్చాడట. ఇదంతా ఆమె కోటు విప్పకుండానే, కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పింది. తర్వాత పేపరు విప్పి బల్ల మీద పరిచింది. మ్యూజియం గొడవ గురించిన వార్త అది. మధ్యలో ఒక ఫోటో వేశారు. దాన్ని వెర్నా తలకిందులుగా చూసినా గుర్తుపడుతుంది.

నల్ల రేకు మీద తెల్లటి బల్ల. బల్ల మీద పక్కకి తిరిగి పడుకున్న యువకుడు. గొంతు కింద నుంచి పొట్ట దాకా పోస్టుమార్టం కుట్లు. ఆ కుట్ల మీద రెక్క చాపి పడి ఉన్న చచ్చిన పిట్ట, నలుపూ తెలుపూ కలిసిన పొడుగుతోక పిట్ట. చుట్టూ మచ్చలు పడ్డ పియర్ పళ్ళు. పళ్ళ మధ్యలో అతని చెయ్యి. దానికి చివరి రెండు వేళ్ళు లేవు.

"ఇతనెవరో మీకు తెలుసా?" అంది మిలేవా.

లోపలి గదిలోంచి హాలిస్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. "ఎవరికీ తెలియదమ్మా. ఎనభై ఏడులో, మార్చిలో, గూడ్సు యార్డులో మంచుకి బిగుసుకుపోయి దొరికాడు. జేబులో కాగితం ముక్క లేదు. ఎవరూ రాలేదు."

"నా తమ్ముడు అంతకు రెండేళ్ళ ముందు ఇల్లొదిలి వెళ్ళాడు. దుషాన్. మా నాన్నతో పడక. రెండు కార్డులు రాశాడు, ఆ తర్వాత లేదు. ఈ నుదురు వాడిదే. ఈ చెవీ వాడిదే, చిన్నప్పుడు నేనే మెలిపెట్టేదాన్ని." ఆమె వేలు ఫోటో మీద జరిగి ఆగింది. "వేళ్ళు కూడా సరిపోయాయి. కోత మిల్లులో పోగొట్టుకున్నాడు, పంతొమ్మిదేళ్ళప్పుడు. కానీ వాడికి పోయినవి కుడిచేతివి. ఇక్కడ ఎడమ చెయ్యి."

"బాగా గుర్తుందా?" అన్నాడు హాలిస్.

"ఆ రెండు వేళ్ళూ తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రి దాకా కారు నడిపాను నాయనా. కుడో ఎడమో గుర్తులేకుండా పోతుందా?"

హాలిస్ కర్ర మీద రెండు చేతులూ పెట్టాడు. ఆమె చెవుల వైపు చూస్తున్నాడు.

"మరి మీ తమ్ముడికి కుడి చేతివే పోతే, అంతే కదమ్మా," అన్నాడు చివరికి.

వెర్నా జిగురు కుంచె పట్టుకుని నిలబడిపోయింది.

మామూలు ఫోటోకి ముందు ఫిల్ము ఉంటుంది, దాన్నుంచి కాగితం మీదికి తీస్తారు, తీసేటప్పుడు కుడి కుడిగానే వస్తుంది. హాలిస్ పద్ధతి అది కాదు. పాతకాలపు పద్ధతి. నల్లరంగు పూసిన రేకు మీద జిగురు మందు పోయాలి, వెండి నీళ్ళలో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తియ్యాలి, తడి ఆరకముందే కడగాలి. అలా వచ్చిన ఆ ఒక్క రేకే ఫోటో. రెండోది ఉండదు. దాని మీద బొమ్మ అద్దంలో కనిపించినట్టు తిరగబడి వస్తుంది, కుడి ఎడమవుతుంది. అందుకే ఆ స్టూడియోలో ఒక కట్టుబాటు ఉంది. ఫోటోలో ఎక్కడా అక్షరం పడకూడదు. పడితే అది వెనక్కి తిరిగి గుట్టు బయటపెడుతుంది. ఆ రోజు గూడ్సు యార్డులో దొరికిన మనిషి కాలి బొటనవేలికి కట్టిన అట్టముక్కని రాత కనబడకుండా బోర్లా తిప్పింది వెర్నాయే. తిప్పేముందు దాని మీద అంకె చదివింది. రెండువందల పద్దెనిమిది.

ఒక్క మాట చెబితే చాలు. అది చెబితే హాలిస్ సంతకం అబద్ధమవుతుంది, మ్యూజియంకి ఆ రేకు వెళ్ళదు, దాని వెనకే మిగతావీ ఆగిపోవచ్చు. వెర్నా హాలిస్ వైపు చూసింది. అతనికి ఆమె ముఖం కనబడదు కానీ చూస్తోందని తెలిసింది. తల వంచుకున్నాడు.

మిలేవా పేపరు మడిచింది. మెల్లగా, నాలుగు మడతలూ సరిచేసి మడిచింది.

"పోనీలెండి. కాదని తెలిసింది." లేచి తలుపు దాకా వెళ్ళి, తనలో తను అనుకున్నట్టు అంది, "మళ్ళీ పైనే పెట్టాలన్నమాట."

వెర్నా ఆమె వెనకే మెట్ల మీదికి వెళ్ళింది. "పైన ఏంటండీ?"

"కొవ్వొత్తి. మా చర్చిలో ఇసక పోసిన పళ్ళేలు రెండుంటాయి. పైది బతికున్నవాళ్ళకి, కిందది పోయినవాళ్ళకి. మా అమ్మా నాన్నా కింద ఉన్నారు. దుషాన్‌ది పైన. మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, తెలియకుండా వాణ్ణి కింద పెట్టావంటే నువ్వే చంపినట్టు అంది. ముప్పై ఏడేళ్ళుగా పైనే వెలిగిస్తున్నాను." ఆమె కోటు గుండీ పెట్టుకోబోయి వదిలేసింది. "ఈ శనివారం పోయినవాళ్ళ పండగ. గోధుమలు నానబోయాలి, ఉడికించి పోయినవాళ్ళ పేరున తలా ఒక చెంచా పెడతాం. వాడి పేరు మీద ఒక చెంచా తియ్యాలా వద్దా అని ప్రతిసారీ గిన్నె ముందు నిలబడి ఆలోచిస్తాను. అలిసిపోయానమ్మా. వాడు చచ్చిపోయాడని ఎవరైనా చెబుతారేమోనని వచ్చాను. చూడు, ఎలాంటి అక్కనో."

కారు ఎక్కి వెళ్ళిపోయింది. వెర్నా మెట్ల మీద చాలాసేపు నిలబడింది. జిగురు కుంచె ఎండి కర్రలా బిగిసిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఆ రేకుని గూట్లోంచి తీసి కిటికీ దగ్గర పెట్టుకుంది. పెద్ద పలకంత ఉంటుంది అది. ఆ రేకు కడిగిన రోజు ఆమెకి ముప్పై ఏళ్ళు. అంతకు మూడేళ్ళ ముందు ఆమె భర్త ఆర్వో గనిలో రాళ్ళ కింద పడ్డాడు. పెట్టెలో పెట్టి మేకులు కొట్టి ఇచ్చారు. చూడొద్దు, చూస్తే తట్టుకోలేవు అన్నారు. ఆమె చూడలేదు. మంచి మాట విన్నాననుకుంది. ఆ తర్వాత ఏడాది పాటు ఆ పెట్టెలో ఏముందో రకరకాలుగా కలలు కన్నది. హాలిస్ దగ్గర పనికి చేరింది అందుకేనేమో. ఇక్కడ ఎవరూ దేన్నీ చూడొద్దనరు.

అనాథ శవాలకు గొయ్యి తవ్వించే ఫిన్లే అనే ముసలాయన ఆ యువకుణ్ణి ఒక గంటసేపు వాళ్ళకి అప్పగించాడు. హాలిస్ కెమెరా సర్దుకుంటుంటే వెర్నా గోరువెచ్చటి నీళ్ళతో ముఖం తుడిచింది. గోళ్ళలో మసి తీసింది. జుట్టు దువ్వింది. వెల్లకిలా ఉంటే ఏదో వస్తువులా ఉన్నాడని పక్కకి తిప్పింది, పని నుంచి వచ్చి అలాగే ఒరిగిపోయినవాడిలా. పళ్ళూ పిట్టా హాలిస్ పెట్టాడు. రేకుని ఆఖరి మందులో ముంచినప్పుడు నీలంగా పొగ కమ్మినట్టు ఉన్న బొమ్మ కొంచెం కొంచెంగా విచ్చుకుంది. ముందు పిట్ట రెక్క, తర్వాత పళ్ళు, చివరికి ముఖం. ఆ ముఖంలో భయం లేదు. కుట్లు కూడా చెట్టుకొమ్మలా ఉన్నాయి. వెర్నా తొట్టి అంచు పట్టుకుని ఏడ్చింది. చావు ఇంతేనా, ఇలా చూడగలిగేదేనా అని. అప్పటి నుంచి ఆర్వో గురించి చెడ్డ కలలు ఆగిపోయాయి.

ఆ మనిషి ఆమెకి అంత ఇచ్చాడు. అతని పేరేమిటని ఆమె ఏ రోజూ అడగలేదు.

శుక్రవారం పొద్దున కాఫీ పోస్తూ చెప్పింది. "రేపు కొండ దాటి వెళ్తున్నాను."

హాలిస్ కప్పు కోసం బల్ల మీద తడుముకున్నాడు. "చెప్పదలుచుకుంటే నిన్ననే చెప్పేదానివి."

"నిన్న నోరు రాలేదు."

"ఒక్కరోజులో నోరొచ్చిందా?"

"నువ్వు అబద్ధం చెప్పలేదు హాలిస్. చూశాను. ఒక్క ముక్క కూడా అబద్ధం లేకుండా ఆవిణ్ణి ఉత్త చేతులతో పంపించావు. నలభై ఏళ్ళుగా వెలుతురుని వంచడం అలవాటై మాటల్ని కూడా వంచుతున్నావు."

"వాణ్ణి చూసిందెవరు? నేను. ఈ ఊళ్ళో ఒక్కడు వాడి వంక చూశాడా? బండి మీద పడేసి గోతిలో దింపేవాళ్ళు. నేను వాడి ఎదుట గంటసేపు నిలబడ్డాను. లోకమంతా వాణ్ణి చూస్తోంది ఇప్పుడు."

"అవును. నువ్వు చూశావు. అందుకేగా నీ దగ్గర ఇన్నాళ్ళూ పనిచేశాను." వెర్నా కూర్చుంది. మోకాలు కటుక్కుమంది. "కానీ చూడాల్సిన మనిషి ఒకావిడ నిన్న ఇక్కడికి వచ్చింది. ఆవిడకి మాత్రం చూపించలేదు మనం."

"పేపర్లో చూసింది కదా."

"తిరగేసి చూసింది."

హాలిస్ కాఫీ తాగలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అక్కడి నుంచి అతనికి చౌకట్టు అంచులు కనబడతాయేమో, మధ్యలో ఆకాశం కనబడదు.

"ఆ ఒక్కటీ పోతే మిగతావి దేనికి వెర్నా? అదే కదా నాది."

"తెలుసు."

"కడిగింది నువ్వే. నీది కూడా."

ఆ మాట అతను అనడం అదే మొదటిసారి. ఇంకో రోజు అయితే ఆమె ఆ మాట మీద నెలరోజులు బతికేది. ఇప్పుడు మాత్రం లేచి కప్పులు కడిగింది. వెళ్ళొద్దని హాలిస్ అనలేదు. వెళ్ళమనీ అనలేదు.

శనివారం పొద్దున రేకుని ఫ్లానెల్లో చుట్టి, పక్కసీటులో పెట్టి, జారకుండా బెల్టు కట్టింది. కొండ మీద అప్పటికే మంచు పడుతోంది. పాత ట్రక్కు ఎక్కలేక మూలిగింది. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంది, దిగేటప్పటికి ఒక్క మాటా మిగల్లేదు.

చర్చి చిన్నది, పైన నీలం గుమ్మటం. ముందు ఇసక పరిచిన ఖాళీ స్థలంలో నాలుగైదు కార్లున్నాయి. మిలేవా ఒక గిన్నెకి గుడ్డ కప్పి రెండు చేతులతో పట్టుకుని నడుస్తోంది. వెర్నాని చూసి ఆగిపోయింది.

"నువ్వా. రేకులమ్మాయివి."

"అరవై ఏడండీ నాకు."

"నాకన్నా చిన్నదానివే. ఏంటి, నేను పేపరు మర్చిపోయానా?"

"కాదు. మేమే ఒకటి చెప్పలేదు. ఆ రేకు మీద బొమ్మ తిరగబడి పడుతుంది. అద్దంలోలాగా. కుడి చెయ్యి ఎడమ చెయ్యిలా కనిపిస్తుంది."

మిలేవా గిన్నె పట్టుకునే ఉంది. ఏమీ అర్థం కానట్టు చూసింది. వెర్నా ఇంక మాటలతో లాభం లేదని ట్రక్కు తలుపు తీసింది, ఫ్లానెల్ విప్పింది. డ్రైవరు వైపు వెనక చూసుకునే అద్దం మీద దుమ్ముని కోటు చేతితో తుడిచి, దాని ఎదుట రేకు పట్టుకుంది. "ఇటు వచ్చి, దీన్ని చూడకండి. అద్దంలోకి చూడండి."

అద్దం చిన్నది, అందులో రేకు మొత్తం పట్టలేదు. ముందు చెయ్యి కనిపించింది. పియర్ పళ్ళ మధ్యలో, మూడు వేళ్ళ కుడి చెయ్యి.

వెర్నా రేకుని కొంచెం జరిపింది. మోచెయ్యి వచ్చింది. భుజం. ఇంకొంచెం జరిపింది. చెవి, నుదురు, మూసిన కళ్ళు. ఆమె కూడా అతన్ని ఇలా చూసి ముప్పై ఏడేళ్ళయింది. రేకు మీద రోజూ చూసిన ముఖం ఇది కాదు. ఇది తను తుడిచిన ముఖం. ఒక్కసారిగా అది బొమ్మలా కాక ఎవరి ఇంట్లోంచో వచ్చిన పిల్లాడిలా కనిపించింది. ఆమె పట్టులో రేకు కొంచెం జారింది, అద్దంలో దుషాన్ కదిలాడు.

"గట్టిగా పట్టుకో," అంది మిలేవా.

చాలాసేపు చూసింది. గిన్నె మీద గుడ్డ గాలికి ఎగిరిపోయింది, ఎవరూ పట్టుకోలేదు. ఉడికిన గోధుమల మీద చల్లిన పంచదార పైన మంచుపొడి పడుతోంది.

"ఆ పిట్ట ఎందుకు?"

"కుట్ల మీద పెట్టాడు హాలిస్."

"పళ్ళు చుట్టూ పేర్చి, పంది మాంసం వడ్డించినట్టు."

వెర్నా రేకు అంచులు సరిచేసి పట్టుకుంది.

"అందంగా ఉందని మాత్రం నాతో అనకు."

"అనను."

"జుట్టు ఎవరు దువ్వారు?"

"నేనే."

"పాపిడి తప్పు వైపు తీశావు. అద్దంలో కూడా తప్పే." ఆమె అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది. "నీకెలా తెలుస్తుందిలే. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. వాడి గోళ్ళు ఎప్పుడూ అలా ఉండేవి కావు."

"తుడిచాను. మా ఆయన్ని నన్ను చూడనివ్వలేదండీ. పెట్టె మూసేసి ఇచ్చారు. అందుకని ఇతన్ని..." ఆమె రేకు వైపు చూసింది. "పేరు అడగాల్సింది. అడిగేవాళ్ళు ఎవరూ లేరని ఊరుకున్నాను. గురువారం మీరు అడిగారు, అప్పుడూ ఊరుకున్నాను. ఇతని సమాధి నెంబరు నాకు తెలుసు. రెండువందల పద్దెనిమిది. గ్రానైట్ ఫోర్క్ శ్మశానంలో ఉత్తరం గోడ పక్కన, ఇనుప మేకు మీద ఉంటుంది."

మిలేవా తిట్టలేదు. కొట్టినా బాగుండేదనిపించింది వెర్నాకి. ఆవిడ గిన్నెని వెర్నా చేతుల్లో పెట్టి, రేకు తను తీసుకుని, ఫ్లానెల్ చుట్టి చంకలో పెట్టుకుంది.

"పట్టుకుని రా. ఒలకబోయకు."

వెర్నా గుమ్మం దగ్గరే నిలబడింది. లోపల మైనం వాసన, పాత కోట్ల వాసన. మిలేవా ఒక కొవ్వొత్తి వెలిగించింది. పై పళ్ళెం దగ్గర ఆగింది. ముప్పై ఏడేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే అటు లేచింది. లేచిన చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండిపోయింది. తర్వాత మోకాళ్ళు వంచి, పక్క కొయ్య పట్టుకుని, కింద పళ్ళెంలో అమ్మకీ నాన్నకీ మధ్యలో గుచ్చింది. లేవడానికి రాలేదు. ఫాదర్ వచ్చి లేపాడు.

ఆ తర్వాత నలుగురైదుగురు ముసలివాళ్ళు మిలేవా ఇంటికి వచ్చారు. వెర్నాని కూడా రమ్మంది. రమ్మనడంలో ఆప్యాయత ఏమీ లేదు, గిన్నె ఆమె చేతిలో ఉంది కాబట్టి రావలసి వచ్చింది. ముందుగదిలో పొడుగాటి అద్దమున్న పాత చెక్క బీరువా ఉంది. మిలేవా దాని ముందు బల్ల మీద రేకుని నిలబెట్టింది. గదిలోకి కాదు, అద్దం వైపు తిప్పి. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి రేకు నల్లటి వీపు కనబడుతుంది, దాని వెనక అద్దంలో దుషాన్ కనబడతాడు, కుడిచేత్తో సహా.

ఒకాయన చూసి ముఖం తిప్పుకున్నాడు. రాజ్కో అని, దుషాన్‌తో కోత మిల్లులో పనిచేసినవాడట. చెంచాతో గోధుమలు కలుపుతూ చాలాసేపు గిన్నెలోకే చూశాడు. తర్వాత తలెత్తి మళ్ళీ చూశాడు.

"లావయ్యాడు కాస్త," అన్నాడు.

"మంచుకి ఉబ్బాడు," అంది మిలేవా. "తిను."

వెర్నాకి కూడా ఒక చెంచా వేసింది. "ఇది వాడిది," అంది. అక్రోటు పొడి, పంచదార, మెత్తగా ఉడికిన గోధుమలు. వెర్నా తిన్నది. నల్లటి వేళ్ళు చూసి ఎవరూ ఏమీ అనలేదు, కొలిమివాళ్ళ ఊరు కదా.

బయల్దేరేముందు రేకు సంగతి అడిగింది. మిలేవా బీరువా వైపు చూడకుండానే చెప్పింది. "ఇక్కడే ఉంటుంది. పోయినవాళ్ళకి మా లెక్క నలభై రోజులు. ఆ తర్వాత నేను చెబుతాను. ఆ మ్యూజియంలో పెట్టాలనిపిస్తే వాడి పేరు రాసి పెట్టమంటాను. అనిపించకపోతే లేదు. నన్ను తొందరపెట్టకండి."

వెర్నా ఆవిడ వంటింట్లో ఫోను తీసుకుని హాలిస్‌కి చేసింది. చాలాసార్లు మోగాక ఎత్తాడు.

"విరగ్గొట్టిందా?"

"లేదు. ఉంచుకుంది. పెట్టెలో ఆ గడి ఖాళీగానే పోతుంది. వాళ్ళకి నువ్వే ఫోను చేసి చెప్పాలి, సంతకం నీది."

అవతల అతని ఊపిరి వినబడుతోంది. ఆమె ఆగింది. ఇవతల గదిలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

"ఎక్కడ పెట్టింది?" అన్నాడు హాలిస్.

"అద్దానికి ఎదురుగా. అద్దంలోంచి చూస్తున్నారు అందరూ."

అవతల కర్ర నేలకి తగిలిన చప్పుడు.

"తల ఎటు ఉంది?"

"కుడివైపు. ఆ రోజు మనకి కనిపించినట్టే."

"పిట్ట రెక్క మీద వెలుతురు పడుతోందా?"

వెర్నా గుమ్మంలోంచి తొంగి చూసింది. కిటికీలోంచి మంచువెలుగు నేరుగా అద్దం మీద పడుతోంది. మిలేవా ఒక్కతే బీరువా ముందు నిలబడి ఉంది. గాజు మీద వేలు పెట్టి, దుషాన్ జుట్టుని సరైన పక్కకి పాపిడి తీస్తున్నట్టు గీస్తోంది. అద్దం మీద మరక పడింది.

"పడుతోంది," అంది వెర్నా. "ఉంటాను. మంచు ఎక్కువయ్యేలోపు కొండ దాటాలి."